గోడ మీద బస్సు

విశాఖపట్నంలో పదకొండేళ్లు సినిమా బ్యానర్లకు రంగులేసిన ఫల్గుణ, ఫ్లెక్సీలొచ్చి పని పోయాక 2003లో అరకులోయ పైకొండల్లోని తన ఊరికి తిరిగొచ్చాడు. అక్కడ వాళ్లమ్మ ఎర్రమట్టి అలికిన గోడల మీద బియ్యప్పిండితో బొమ్మలు పెట్టేది. అతని చేతికి ఆ మట్టీ తెలుసు, పట్నం బ్రష్షూ తెలుసు.

ఊరికి రోడ్డు పడింది గానీ బస్సు రాలేదు.

"పట్నంలో ఏనుగంత మొకాలు గీసినోడివి, ఒక బస్సు గీయలేవేటిరా?" అంది పక్కింటి సోములమ్మ.

ఫల్గుణకు పౌరుషం వచ్చింది. బడిగోడకు ఎర్రమట్టి పూసి, నాలుగు రోజుల్లో అసలు బస్సంత బస్సును నిలబెట్టాడు. అద్దాల మీద ఎండ మెరుపును పిండితో దిద్దాడు.

ఆ నెలలోనే సర్వేకొచ్చిన ఒకాయన దూరం నుంచి ఊరిని ఫొటో తీసుకుపోయాడు. తర్వాత, బస్సు కోసం ఊరివాళ్లు పెట్టుకున్న అర్జీకి బస్సు డిపో నుంచి జవాబొచ్చింది: 'మీ ఊళ్లో బస్సు నిలిచి ఉన్నట్టు ఫొటోలో స్పష్టంగా కనిపిస్తోంది. కావున రెండో బస్సు ఇవ్వడం కుదరదు.'

"అంత బాగా ఎందుకు గీసీసినావురా!" అని ఊరంతా అతని మీద పడింది. ఫల్గుణకు సిగ్గేసింది. లోలోపల కాస్త గర్వంగానూ ఉంది. ఆలోచించి, ముందు టైరును గాలి పోయినట్టు చదునుగా దిద్దాడు. బస్సు పంచరైందని మళ్లీ అర్జీ పెట్టారు.

వారం తిరక్కుండా డిపో మెకానిక్కు జగన్నాథరావు జాకీ భుజానేసుకుని, రొప్పుతూ కొండెక్కాడు. టైరు పక్కన కూర్చుని జాకీ పెట్టబోయి ఆగాడు. గోడను తట్టి చూశాడు.

"ఏటయ్యా ఇది?"

"బొమ్మ, బాబూ," అన్నాడు ఫల్గుణ.

"బొమ్మ అని రాస్తే మా ఆఫీసోళ్లు నమ్మరు. తాగీసి రాసినానంటారు."

సోములమ్మ చోడి అంబలి తెచ్చిచ్చింది. అది తాగి, జగన్నాథరావు రిపోర్టు రాశాడు: 'ఇంజను లేదు. నాలుగు చక్రాలకు రెండే ఉన్నాయి. బండి గోడకు అతుక్కుపోయింది. మరమ్మతుకు పనికిరాదు.'

ఆ బస్సును తుక్కు కింద రాసేసి, దానికి బదులు మరొకటి పంపారు.

మొదటిరోజు ఊరివాళ్లు ఫల్గుణను మెడలో బంతిపూల దండతో డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఘాట్ రోడ్డులో రెండో మలుపుకే అతనికి కడుపు తిప్పింది. కిందికి దిగి, దండ మీదే వాంతి చేసుకుని, కాలినడకన ఇల్లు చేరాడు.

"అంత బేగి వచ్చీసినావేటిరా?" అంది సోములమ్మ.

"కదిలే బస్సు నాకు పడదత్తా," అని ఫల్గుణ గుమ్మంలోనే పడుకున్నాడు.