లేని గోడ రాపిడి

"గలతీ ఎవలది కాదు మామా, నాదే. ఉన్న రాపిడికి లేని రాపిడి గూడ కలిపిన," అంది కావేరి, ల్యాప్‌టాప్ మీది నుంచి తలెత్తకుండానే.

కరెంటు పోయి పిండి గిర్ని ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నమే జనవాడ మీదికి నల్లటి మబ్బు దిగింది. రోజూ బీదర్ వైపు నుంచి చెవులు హోరెత్తించే శిక్షణ విమానాలు ఇవాళ ఒక్కటీ లేవలేదు. గిర్ని నడిపే బసవరాజ్ చేతులు దులుపుకుంటూ మేనకోడలిని చూశాడు. జ్వరానికి ఇంటికొచ్చి కోలుకుంటున్న పిల్ల, ముఖం మళ్లీ పాలిపోయింది.

"గిర్నీల కూసొని ఢిల్లీ మిషన్ చెడగొట్టినవా ఏందే?"

ఆమె నవ్వలేదు.

చిన్నప్పుడు కన్నడ బడి నుంచి వస్తూనే పిండిలో చెయ్యి పెట్టి, "జొన్నలు సల్లగ పోయినయి, పిండి గింత వేడెట్లయింది మామా?" అని అడిగేది. ఇప్పుడు హైదరాబాదులో చేస్తున్న పరిశోధనా అలాంటిదే. రెండు బరువైన పరమాణు కేంద్రకాలు గుద్దుకుంటే వాటి ఊపులో ఎంత వేడిగా మారుతుందో కంప్యూటర్‌లో లెక్క కడుతుంది. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమె చెబుతుంటే బసవరాజ్ వింటాడు. అర్థం కాకపోతే సిగ్గుపడడు, మళ్లీ అడుగుతాడు.

"జర సమజయ్యేటట్లు చెప్పు బిడ్డా."

"రెండూ తాకంగనే నడుమ మెడ లెక్క కలుస్తది. అదే కిటికీ. లోపలి కణాలు అండ్లకెళ్లి అటిటు దుంకుతయి, ఊపు తగ్గుతది. మిగిలిన కణాలు గోడలకు కొట్టుకుంటయి, దాంతోని గూడ తగ్గుతది. కిటికీ తెరిచినకాడ గోడ ఉండదు గదా? నేను కిటికీ పెట్టిన, గోడ తియ్యలే. రాపిడి ఎక్కువొచ్చింది, ఊపు నడుమల్నే సచ్చిపోతదనుకున్న. గందుకే ఇంకా గట్టిగ గుద్దియ్యాలె, లేకుంటే అతుక్కోవని చెప్పిన."

"గట్టిగ గుద్దితే మంచిదే గదా?"

"అతుక్కుంటయి. గాని మస్తు వేడెక్కి మళ్ల పగులుతయి. సంసోను కొత్త కేంద్రకం కోసం చూస్తడు, ఒక్కటి దొరకది."

సంసోను ఆమె తోటి విద్యార్థి. ఆమె ఇచ్చిన అంకె పట్టుకుని ఢిల్లీలోని యంత్రం దగ్గరికి వెళ్లాడు. ఏడాదిగా ఎదురుచూసిన వంతు ఈ సాయంత్రమే మొదలవుతుంది. గుద్దించడానికి, ఊపిరి తగిలితే చిరిగేంత పల్చటి సీసపు రేకును తన చేత్తోనే చేసుకున్నాడు.

బసవరాజ్ తలుపు దాకా వెళ్లి చూశాడు. ఆకు కదలడం లేదు. ఫోనులో సిగ్నలూ లేదు.

"నువ్వు చెప్పకుంటే ఎవలకు తెలుస్తది?" అన్నాడు మెల్లగా.

"ఎవలకూ తెల్వది. అదే భయం. రేకు సక్కగ చెయ్యలేదని సంసోను మీద పడ్తరు. మళ్ల ఆ మిషన్ మొకం గూడ సూడనియ్యరు."

"చెప్తే నీ థీసిస్?"

కావేరి చదువంతా ఆ ఒక్క అంకె మీదే నిలబడిందని అతనికి తెలుసు. మంజీర వైపు ఎక్కడో ఉరిమింది. ల్యాప్‌టాప్ తెర మూలన బ్యాటరీ గుర్తు ఎర్రబడింది.

"నడు, బండి మీద కూసో. సిగ్నల్ ఉన్నకాడికి పోదం. నువ్వే చెప్పు," అన్నాడు బసవరాజ్.

"బ్యాటరీ పోకముందే గోడ తీసి మళ్ల లెక్క నడిపియ్యాలె." ఆమె తన ఫోను తీసి అతని పిండి చేతిలో పెట్టింది. "నువ్వు బీదర్ దిక్కు పో మామా. సిగ్నల్ దొరికినకాడ ఆగి సంసోనుకు ఫోన్ చెయ్యి. షురూ చెయ్యొద్దని చెప్పు. లెక్కల ఏదో తప్పొచ్చిందనకు. కావేరి తప్పు చేసిందను. మా గైడు మేడం పక్కకే ఉంటది, ఆమెకు గూడ వినబడేటట్లు చెప్పు."