దీపంలో సీత

ధర్మవరం దగ్గర తోలుబొమ్మలాడించే ఊళ్లో సుంకమ్మ, పెళ్లయిన నాటినుంచీ తెర వెనక సీతకు గొంతిచ్చింది. రాముడి గొంతు, ఆమెకు కుడిపక్కన నిలబడే మొగుడు గోవిందప్పది. తెర మీద బొమ్మ వెలగగానే పాట ఎత్తుకోవాలి.

గోవిందప్ప పోయాడు. ఆటకు పిలిచేవాళ్లూ లేరు. కొడుకు దేవేంద్ర ఇప్పుడు అదే తోలుతో ల్యాంపు షేడ్లు చేసి పెనుకొండ, హిందూపురం హోటళ్లకు పంపుతాడు. వాటి మీద సీత చెయ్యి కదపనక్కర్లేదు, మాట అసలే అక్కర్లేదు. కళ ఎంతో అభివృద్ధి చెందిందని మొన్న సభలో ఒక పెద్దమనిషి అంటే అందరూ చప్పట్లు కొట్టారు. సుంకమ్మ కూడా కొట్టింది. ఏం చేస్తుంది మరి, కూడు పెడుతున్నది ఆ అభివృద్ధే కదా!

నిన్న సాయంత్రం దేవేంద్ర కొత్త ల్యాంపుకు స్విచ్చి వేశాడు. సీత ఎర్రగా వెలిగింది. పక్కనే రంగులు కలుపుతున్న సుంకమ్మ తనకు తెలియకుండానే గొంతెత్తింది.

"అడవికి నన్నేల తోడుకొని పోవు స్వామీ..."

పాడి, రాముడి జవాబు కోసం అలవాటుగా కుడివైపు తిరిగి ఆగింది.

"బల్బు బాగుండాదిలే మా," అన్నాడు దేవేంద్ర అటునుంచి. "ఆ అట్టపెట్టె ఇట్లియ్యి."

సుంకమ్మ పెట్టె అందించింది.