ఇంకా తయారుకాని మిషన్‌తో తిరువూరు ప్రయాణం

తిరువూరు వెళ్లాలన్న ఆలోచన నాది కాదు. అక్కడ వెల్డింగ్ షాపు నడిపే కోటేశ్వరరావు కోసం పశువులకు గడ్డి తరిగే మిషన్ డిజైన్ చేశాను. వీఆర్ హెడ్‌సెట్ కళ్లకు కట్టుకుంటే లేని మిషన్ కూడా ఎదుట నిలబడ్డట్టే ఉంటుంది. నా గదిలోనే దాని చుట్టూ పదిసార్లు తిరిగి నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆయన మాత్రం ఫోన్లో, "రేకు కోశాక మార్పులంటే కుదరదు సార్. ముందు వాడే మనిషికి చూపించండి," అన్నాడు.

విజయవాడలో ఉదయం ఆరున్నరకు బస్సెక్కాను. మైలవరం మీదుగా రెండు గంటల పైనే పట్టింది, టికెట్టు నూట ఇరవై చిల్లర. తిరువూరు బస్టాండు ఎదుట ముప్పై రూపాయల ఇడ్లీ తింటుంటే, నా ఒళ్లో హెడ్‌సెట్ డబ్బా చూసి వడ్డించే ఆవిడ, "ఏంటండీ అది, అంత జాగ్రత్తగా పట్టుకున్నారు?" అంది.

"మిషనండి. ఇంకా తయారవలేదు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, అడక్కుండానే ఇంకో గరిటె సాంబారు పోసింది.

ఆటోకు ఇరవై ఇచ్చి షాపు చేరేసరికి తొమ్మిదిన్నర. పదింటికి పెనుగొలను నుంచి నాగమణిగారు వచ్చారు. యాభై దాటిన మనిషి, ఆరు గేదెల పాడి. మిషన్ ఆవిడ కోసమే. హెడ్‌సెట్‌తో పాటు చేత్తో పట్టుకునే కంట్రోలర్ ఇస్తూ చూశాను, కుడిచేతికి చూపుడువేలు లేదు.

"పాత మిషన్లో పోయింది బాబూ," అన్నారు, బస్సు తప్పిపోయిందన్నంత మామూలుగా.

కంట్రోలర్ మీట నొక్కాల్సింది ఆ వేలితోనే. నాకు తల కొట్టేసినట్టయింది. ఎడమచేతి కంట్రోలర్ ఇచ్చాను.

హెడ్‌సెట్ పెట్టుకుని మిషన్ చుట్టూ నడిచారు, వంగి చూశారు. ఏది చూపించినా "బాగుంది" అన్నారు. ఎత్తు బాగుంది, రంగు కూడా బాగుంది. నేను పొంగిపోయాను. గడ్డి పెడుతున్నట్టు రెండు చేతులూ చాచమని, హెడ్‌సెట్‌లో గడ్డి కోసే కత్తుల చక్రం తిరిగేలా చేసి, ఉన్నట్టుండి "ఆపండి," అన్నాను. ఆపే ఎర్ర బటన్ కుడివైపు పైన, కొట్టొచ్చినట్టు కనిపించేలా పెట్టాను. ఆవిడ చేతులు కదల్లేదు. కుడి మోకాలు లేచి గాలిని పొడిచింది.

"బటన్ పైనుంది అక్కయ్యా," అన్నాడు కోటేశ్వరరావు.

"కనిపిస్తూనే ఉందయ్యా. ఆపాల్సి వచ్చేటప్పటికి చేతులు లోపల ఉంటాయి కదా."

ల్యాప్‌టాప్ తెరిచి, మిషన్ ముందు మోకాలి ఎత్తున, నొక్కితే చక్రం ఆగేలా అడ్డంగా ఒక కడ్డీ పెట్టాను. గంట పట్టింది. ఖాళీగా ఉన్న కుడి కంట్రోలర్‌ను మోకాలికి కట్టుకుని, ఆవిడ మళ్లీ హెడ్‌సెట్ పెట్టుకున్నారు. నేను చెప్పకముందే మోకాలితో నొక్కారు. చక్రం ఆగింది. కుడిచేతిని వెనక్కి తీసుకుని, ఎడమచేత్తో ఒకసారి తడుముకున్నారు.

"ఇప్పుడు కొయ్యి రేకు," అన్నారు కోటేశ్వరరావుతో.

తిరుగు బస్సులో ఆ మోకాలే కళ్లముందు మెదిలింది. నా గదిలో పదిసార్లు తిరిగినా నాకది తట్టలేదు. నా పది వేళ్లూ నాకున్నాయి మరి. హెడ్‌సెట్ లేకపోతే ఆ సంగతి మిషన్ ఇంటికి చేరాకే తెలిసేది, అదీ ఇంకో వేలు పోయాక. మీరూ ఇలాంటి పని మీద వెళ్తే, "ఎలా ఉంది?" అని అడగకండి, బాగుందనే అంటారు. పనిలో చేతులు పెట్టించి, చెప్పాపెట్టకుండా "ఆపండి" అనండి.