పిల్లల గుండె లయ విన్న మా మేడం

మా మేడం పోయారని మొన్న పొద్దున కర్నూలు నుంచి ఫోన్ వచ్చింది. కడపలో నా ఓపీ గది బయట తల్లులు బిడ్డల్నెత్తుకుని నిలబడి ఉన్నారు. వాళ్లందరినీ చూసి పంపించాకే బస్సెక్కాను. ముందే బయల్దేరి ఉంటే ఆమే తిట్టేవారు.

పిల్లల్లో గుండె లయ తప్పే జబ్బుల మీద జీవితమంతా పరిశోధన చేసిన ప్రొఫెసర్ ఆమె. నేను ఆమె దగ్గర పీజీ చేసేటప్పుడు కోడుమూరు వైపు నుంచి ఒకామె కూతుర్ని తీసుకొచ్చింది. ఆ పిల్ల ఉన్నట్టుండి పడిపోయేది. ఫిట్స్ మందులు ఎన్ని మింగినా తగ్గలేదు. మేడం పాత చీటీలన్నీ పక్కన పెట్టి తల్లి వైపు తిరిగారు.

"పడిపోయే ముందు ఏమైతాదమ్మా?"

"ఏమీ ల్యా మేడం. బడి గంట కొడితే ఉలిక్కిపడతాది. అంతే, పడిపోతాది."

వెంటనే ఈసీజీ తీయించారు. కొట్టుకున్న ప్రతిసారీ ఆ గుండె తేరుకోవడానికి ఎక్కువసేపు పడుతోంది. అప్పుడు ఉలిక్కిపడితే లయ తప్పుతోంది. ఇది ఫిట్స్ కాదని, వంశంలో వచ్చే గుండె జబ్బని మేడం చెప్పగానే తల్లి భోరుమంది. పెద్దబిడ్డ కూడా ఇట్లే పడిపోయి ప్రాణం విడిచిందట. బిడ్డను మింగినదానివని అత్త అప్పట్నుంచీ అంటూనే ఉందట.

ఆ ఆదివారమే మేడం ఈసీజీ మిషన్‌తో, మమ్మల్ని వెంటబెట్టుకుని ఆ ఊరు పోయారు. వసారాలో మంచం వేసి ఇంటిల్లిపాదికీ తీశాం. ఆ పిల్ల ఈసీజీలో చూసిన గీతే తండ్రికీ, అత్తకూ కనిపించింది. జబ్బు ఈమె నుంచే వచ్చిందని అందరి ముందూ అనేయబోయాను. మేడం కళ్లతోనే నన్ను ఆపి, ముసలామె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు.

"ముక్కూ మొగమూ వచ్చినట్టే ఇది గూడా నీ నుంచి వచ్చిండాది పెద్దమ్మా. నీ తప్పు ల్యా. నీ కోడలి తప్పూ ల్యా. మందులుండాయి, నువ్వూ నీ కొడుకూ మనవరాలూ మింగండి."

ముసలామె కోడల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆ పిల్ల మళ్లీ పడిపోలేదు. అప్పట్నుంచి మేడం పరిశోధన ఆసుపత్రి దాటి ఊళ్లకు పోయింది. ఒక బిడ్డలో జబ్బు కనబడితే ఇంటి మొత్తానికీ ఈసీజీ తీయాలని మాకు నేర్పారు. పెద్ద నగరాల నుంచి పిలుపులొస్తే, "పిల్లోళ్లు ఈడ పడిపోతాంటే ఆడ కూర్చుని ఏం రాయాలప్పా?" అని నవ్వేవారు.

పోయిన నెల కర్నూలు పక్కనే కల్లూరులో ఆమె ఇంటికి పోయాను. బాగా నీరసపడ్డారు. మాట్లాడుతుండగా పక్కింటి పాప రొప్పుతూ వచ్చి ఆమె ఒళ్లో వాలింది. మేడం మాట ఆపి, ఆ చిన్న మణికట్టు మీద వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నారు. పాప కదలకుండా ఆమె మొహమే చూస్తోంది.

"బాగా పరిగెత్తినావే" అన్నారు చివరికి, వేళ్లు తీయకుండానే.