మా ఇంటి సలహా మండలి

మా మావయ్యగారు రిటైరైన సివిక్స్ మాస్టారు. ఇండియా నుంచి స్వోర్డ్స్ అనే ఈ ఊళ్ళో మా అద్దె ఇంటికి వచ్చిన వారంలోపే ఐర్లండ్ రాజ్యాంగం చదివేశారు. "మన ఆదేశిక సూత్రాలు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నామనుకున్నావమ్మా? ఇక్కణ్ణుంచే!" అని తెగ సంబరపడిపోయారు. నేను చపాతీ పిండి కలుపుతూ ఊఁ కొట్టాను. ఆ రోజుల్లో ఊఁ కొట్టడమే తప్ప ఏ మాటా నా మనసుకెక్కేది కాదు.

ఎందుకంటే మా ఆయన ఉద్యోగం పోయింది. ఎటు చూసినా క్రేన్లు, వీధి వీధికీ కొత్త ఇళ్ళు, ఈ దేశంలో ఉద్యోగాలు చెట్లకి కాస్తున్నాయని అందరూ చెప్పుకునే కాలం. మా ఖర్మ, మా ఆయన కంపెనీయే మూతపడింది. వర్క్ పర్మిట్ ఆ కంపెనీ పేరు మీదే ఉంది. గడువులోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే పెట్టేబేడా సర్దుకోవాల్సిందే. అప్పటికే మావయ్యగారికి టికెట్ కొనేశాం. "నాన్నగారు ఉన్నన్నాళ్ళూ చెప్పొద్దు, కంగారు పడతారు" అన్నారు మా ఆయన. నేను సరేనన్నాను.

ఆయన రోజూ టై కట్టుకుని, నేను కట్టిచ్చిన క్యారియర్ పట్టుకుని బస్సెక్కేవారు. వెళ్ళేది ఎయిర్‌పోర్టుకి. అక్కడ వెచ్చగా ఉంటుంది, ఎవరి కోసం కూర్చున్నావని ఎవరూ అడగరు. సాయంత్రం వచ్చి "ఇవాళ పని మరీ ఎక్కువైంది నాన్నగారూ" అనేవారు. నేను ఆ అబద్ధానికి అల్లం టీ కూడా పెట్టి ఇచ్చేదాన్ని.

ఈ గొడవంతా మేమిద్దరం మాట్లాడుకోవాలంటే కారే దిక్కు. వెనక సీట్లో పాప ఉండేది కానీ దానితో మాకేం భయం లేదు. ఎనిమిదేళ్ళ పిల్ల. తెలుగులో ఏమడిగినా ఈ ఊరి యాసలో ఇంగ్లీషు జవాబే. దానికేం అర్థమవుతుందిలే అనుకునేవాళ్ళం. మేమిద్దరం ఎంత చదువుకుని ఏం లాభం!

ఇంతలో పాప బడికి దేశాధ్యక్షులు వస్తున్నారని కబురొచ్చింది. ప్రశ్నలడిగే పిల్లల్లో మా పాప కూడా ఉంది. ఇంక మావయ్యగారి కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు. రోజూ సాయంత్రం సోఫాలో క్లాసు పెట్టేవారు.

"ఇక్కడ ప్రెసిడెంటు గారికి సలహాదారుల మండలి ఒకటి ఉంటుంది అమ్మలూ. ఏదైనా బిల్లు మీద అనుమానం వచ్చిందనుకో, సుప్రీంకోర్టుకి పంపేముందు వాళ్ళని అడిగి తీరాలి. అడగాలి గానీ, వాళ్ళు చెప్పింది వినాలని ఎక్కడా లేదు. తెలిసిందా?"

"గ్రాండ్, తాతా" అనేది పాప. ఇక్కడివాళ్ళు 'సరే' అనడానికి వాడే మాట అది.

"ఆఁ, గ్రాండే మరి! మన ఇంట్లో నేనూ ఆ మండలి బాపతే" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఏ మొహం పెట్టుకుని నవ్వానో ఇప్పటికీ తెలియదు.

రిహార్సల్‌కి ఇంట్లోవాళ్ళని కూడా రమ్మన్నారు. మావయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని నా పక్కన, ముందు వరసలో కూర్చున్నారు. మా వెనక, పండగలకి మాతో కలిసి వండుకునే తెలుగు ఆంటీ. హెడ్‌మిస్ట్రెస్ తనే ప్రెసిడెంటునని చెప్పి స్టేజీ మీద కుర్చీలో దర్జాగా కూర్చుంది. పాప వంతు వచ్చింది. సలహాదారులు చెప్పినట్టే మీరు చెయ్యాలా అన్నది ప్రశ్న. మావయ్యగారి పెదవులు అప్పుడే కదులుతున్నాయి.

పాప అది అడగలేదు. మైకు పట్టుకుని గలగలా ఇంగ్లీషులో అడిగేసింది.

"మా డాడీకి జాబ్ పోయింది. రోజూ ఎయిర్‌పోర్టులో కూర్చుంటున్నారు. పర్మిట్ అయిపోతోంది. మీరు ప్రెసిడెంట్ కదా, మమ్మల్ని ఇక్కడ ఉండనిస్తారా?"

నాకు తల కొట్టేసినట్టయింది. హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో ముందుకు వంగింది. తర్వాత మెల్లగా, "ప్రెసిడెంట్ చేతిలో ఆ అధికారం లేదమ్మా. ఈ దేశం దాటి వెళ్ళాలంటే ప్రెసిడెంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి" అంది.

"అయితే ప్రెసిడెంట్‌కి కూడా పర్మిట్ కావాలా?"

హాలంతా గొల్లుమంది. ముద్దొచ్చి నవ్వారని తెలుసు. తెలిసినా భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. వెనక నుంచి ఆంటీ నా భుజం మీద చెయ్యేసి "అయ్యో, ఎప్పట్నుంచమ్మా?" అంది. ఆ చేతిని విదిలించి కొట్టాలనిపించింది. మావయ్యగారి వైపు మాత్రం చూడలేదు. చూసే ధైర్యం లేదు.

ఇంటికి నడిచి బయల్దేరాం. దారంతా మావయ్యగారు పాప చెయ్యి పట్టుకుని ముందు నడిచారు. ఇంటికి పద, నీ సంగతి చెప్తాను అని నేను వెనక పళ్ళు నూరుతున్నాను. మలుపు దగ్గర పాప "తప్పు అడిగానా తాతా?" అంది, ఇంగ్లీషులోనే.

"లేదు అమ్మలూ. నేను నేర్పిన ప్రశ్న కంటే మంచిదే అడిగావు."

నేను పళ్ళు నూరడం మానేశాను. తర్వాత, ప్రెసిడెంటు వచ్చిన అసలు రోజున పాపకి ప్రశ్న లేదన్నారు, పూలగుత్తి ఇచ్చే వరసలో నిలబెట్టారు. ఆ సంగతికి పాప ఏడ్చింది, నేను ఊపిరి పీల్చుకున్నాను. అదీ నా బతుకు.

రిహార్సల్ జరిగిన రోజు సాయంత్రం మా ఆయన మామూలుగానే వచ్చారు. "ఇవాళ పని..." అని మొదలుపెట్టబోయారు.

"ఎయిర్‌పోర్టులో టీ ఏం బాగుంటుంది గానీ, కూర్చోరా" అన్నారు మావయ్యగారు.

మా ఆయన నావైపు చూశారు. నేను స్టవ్ వైపు చూశాను.

"మీరు కంగారు పడతారని, నాన్నగారూ..."

"పడతాను. కన్నవాణ్ణి, పడనా? నా చేతిలో ఏ అధికారమూ లేదు. ఉద్యోగం ఇప్పించలేను, పర్మిటూ ఇప్పించలేను. నేను చెప్పింది మీరు వినాలనీ లేదు."

టీ గ్లాసు కింద పెట్టి, కొడుకు వైపు కాదు, నా వైపు తిరిగారు.

"కానీ అడగాలమ్మా."