మైనంలో సేటు మీసాలు

మా చిన్నప్పుడు... దేవుడి వస్తువును ఒకసారి పసుపు గుడ్డలో చుట్టాక మా ఇంట్లో ఎవరూ విప్పేవాళ్లు కాదు. చేసిన బాపు కూడా చెయ్యి పెట్టేవాడు కాదు. పండుగనాడు దేవుడి ముందు ఊరిపెద్ద పటేలే విప్పాలి. అది మా కట్టుబాటు. ఆ కట్టుబాటు తెలిసినవాడే మా కొంప ముంచాడు...

మేం ఓజాలం. ఆదిలాబాద్ అడవి పక్కన ఊరు. గోండు దేవుళ్లకు కావాల్సిన ఇత్తడి సామానంతా మా ఇళ్లలోనే పుట్టేది. అవ్వ, అంటే మా అమ్మ, మైనాన్ని సన్నని తీగలుగా తీసి బొమ్మ అల్లేది. బాపు దానిమీద పుట్టమన్ను మెత్తి కొలిమిలో పెట్టేవాడు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి ఇత్తడి దిగేది. చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ బయటికొచ్చేది. అచ్చు ఉండదు కాబట్టి ఒకదానిలా ఇంకోటి రాదని మాకు గట్టి నమ్మకం.

ఆ ఏడు పక్క ఊరి గోండు పటేల్ ఒక ఇత్తడి నెమలిని తెచ్చాడు. రాజుల కాలం నాటిదట. దేవుడి ముందు నడిచే కర్రకు తొడుగుతారు. దాని తురాయి విరిగింది. బాపు ఒంటిపూట తిని, తొమ్మిది రోజులు కూర్చుని అతికించాడు. అతుకు కనబడకుండా చుట్టూ చిన్న పూసలు పోశాడు. చూడవచ్చిన పటేల్ వాటిని తడిమి మురిసిపోయాడు.

అప్పుడే సేటు దిగాడు. మా బొమ్మలు కొని పట్నంలో అమ్ముకునే మనిషి. గుబురు మీసాలు, ముందు నడిచే బొజ్జ...

"జర గీ నెమలి ఇయ్యి ఓజా. ఫొటో దీయించి రెండొద్దులల్ల తెస్త. ఫికర్ జెయ్యకు."

బాపు ఇచ్చాడు. పిచ్చి బాపు!

రెండు రోజులన్నవాడు పండుగ ముందురోజు వచ్చాడు. నెమలిని పసుపు గుడ్డలో చుట్టి తెచ్చాడు. "మీ పద్ధతి ప్రకారమే తెచ్చిన" అని దండం కూడా పెట్టాడు. ఇంకేముంది, బాపు విప్పలేదు. అలాగే తీసుకెళ్లి పటేల్ చేతికిచ్చాడు.

మర్నాడు ఊరందరి ముందు పటేల్ గుడ్డ విప్పాడు. తళతళలాడే కొత్త నెమలి... కడుపు కింద పొడుగ్గా గీత. యంత్రం మీద రెండు ముక్కలు పోసి అతికించిన నకిలీది.

"దేవుని నెమలి ఏడ వెట్టినవ్ ఓజా?" అన్నాడు పటేల్.

బాపు సేటు సంగతి చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. డోలు ఆగిపోయింది. మమ్మల్ని పండుగ కూడు తినకుండా పంపేశారు. ఆ ఏడాదంతా ఒక్క గోండు ఇల్లు కూడా మాకు పని చెప్పలేదు. బాపు ముఖం ఎత్తి నడవడం మానేశాడు. నేను మాత్రం రోజూ పడుకునే ముందు సేటును తిట్టుకునేదాన్ని. దేవుణ్ని ఇంకేమీ అడిగేదాన్ని కాదు.

మరుసటి ఏడు సేటు సిగ్గు లేకుండా మళ్లీ వచ్చాడు. కరీంనగర్‌లో చేతిపనుల పోటీ అట. పనివాడు తానేనని పేరు రాయించుకున్నాడట. మట్టి కప్పిన నెమలి ఒకటి మేం తయారుచేసి ఇస్తే, అక్కడ అందరి ముందు ఇత్తడి పోసి పగలగొడతాడట. కొలిమి ఊదడానికి బాపు కూలీగా రావాలట.

బాపు తల తిప్పుకున్నాడు. అవ్వ మాత్రం నవ్వింది. "జేస్తం సేటు. నువ్వు పో."

బాపు మన్ను తేవడానికి వెళ్లాక అవ్వ మైనం ముందేసుకుని కూర్చుంది. ముందు బొజ్జ వచ్చింది. తర్వాత కాళ్లు, పంచె... చంకలో ఒక నెమలి, దాని తురాయి చుట్టూ పూసలు. సేటే అది!

"మీసం నువ్వు జెయ్యి బిడ్డ. జర దొడ్డుగుండాలె."

చేశాను. అంత మనసుపెట్టి నేను ఇప్పటికీ ఏ పనీ చేయలేదు. బాపు వచ్చేసరికి అవ్వ మొదటి పూత మట్టి కప్పేసింది. లోపల ఏముందో మా ఇద్దరికే తెలుసు.

పోటీనాడు కరీంనగర్‌లో జనం కిటకిటలాడారు. నెమలి ఈకల టోపీలతో ఆడడానికి పటేల్ తన ఊరివాళ్లను తీసుకొచ్చాడు. సేటు పట్టుబట్ట కట్టుకుని, ఇది మా తాతల నాటి విద్య అని మైకులో ఒకటే ఊదరగొట్టాడు. ఇత్తడి పోసింది బాపే. చల్లారాక సుత్తె మాత్రం సేటు పట్టుకున్నాడు.

మట్టి రాలింది. మొదట మీసాలు బయటపడ్డాయి...

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చంకలో నెమలి కూడా కనబడేసరికి జనమంతా గొల్లుమన్నారు. సేటు ముఖం మాడిపోయింది.

"గిది నేను జేసింది గాదు!" అని అరిచాడు.

"ఇంతసేపు నేనే జేసిన అంటివి గదా?" అన్నాడు మార్కులు వేసే పెద్దసారు.

పటేల్ లేచి వచ్చాడు. బొమ్మ నెమలి తురాయి మీద పూసలను వేలితో తడిమాడు. "గిది మా దేవుని నెమలే. నువ్వు జేసినవంటే గది నీ దగ్గరున్నట్టే గదా. ఎవనికి అమ్ముకున్నవ్ సేటు?"

బాపు కొలిమి దగ్గరే కూలబడి ఏడ్చాడు. పటేల్ వెళ్లి ఆయన్ను లేపాడు. "తప్పయింది ఓజా. నిన్ను అనుమానించిన."

అసలు నెమలి మాత్రం మళ్లీ దొరకలేదు. అప్పటికే ఎన్నో చేతులు మారిందట. సేటు బొమ్మను పటేల్ తీసుకెళ్లి దేవుడి గుడి బయట, చెప్పులు విడిచే చోట పాతించాడు. పండుగకు వచ్చిన ప్రతివాడూ సేటు ముందే చెప్పులు వదిలి లోపలికి వెళ్లాలి. నేను ప్రతి ఏడూ వెళ్లేదాన్ని. కావాలని బురద చెప్పులతోనే వెళ్లేదాన్ని...

ఇప్పుడు ఆ సేటు లేడు. అవ్వా లేదు. నెమళ్లు ఫోన్‌లో నొక్కితే డబ్బాలో ఇంటికొస్తున్నాయి, అన్నీ ఒకేలా... కడుపు కింద గీతతో. పోయినవాళ్లను క్షమించాలని అంటారు. నావల్ల కాలేదు. నెమలి తొడిగే ఆ కర్ర ఈనాటికీ దేవుడి ముందు బోడిగానే నడుస్తోంది.

మీ ఇళ్లలోంచి కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి పట్టుకుపోయే ఉంటారు... అదేంటో కింద రాయండి. పట్టుకుపోయినవాడి ముఖం ఎలా ఉంటుందో కూడా వివరంగా రాయండి. పోత పోసి ఇస్తాను.