ఊరి రైలు కోసం అష్టాచమ్మా

ఆ రోజుల్లో సూరత్‌లో, ఉధ్నాలోని మా గల్లీకి ఏ కబురైనా సైకిల్ మామ నోటి నుంచే వచ్చేది. లాక్‌డౌన్‌లో మగ్గాలన్నీ ఆగిపోయినా, పక్క గదిలో ఉండే ఆ మామ సైకిల్ మాత్రం ఆగలేదు. "చెల్లె, మనోళ్లకు రైలు పడ్డది! పగటాల్లకు పేర్లియ్యాలెనంట," అని ఆయన మూతికి తువ్వాల కట్టుకుని గుమ్మం అవతలి నుంచే మా అమ్మకు చెప్పిన పొద్దున, మా ఇంట్లో రెండు పార్టీలు పుట్టాయి. ఒక్క పూట కూడా మగ్గం వదిలి ఉండని మా బాపుకు నెలన్నరగా ఆ గదిలో ఊపిరాడటం లేదు. కబురు వినగానే మూట కట్టేశాడు. నేను పోయి ఆ మూట మీద కూర్చున్నాను. రింగ్ రోడ్డులో చీరలు మడతపెట్టే పని దొరికి పదిహేను రోజులైనా కాకముందే లాక్‌డౌన్ వచ్చిపడింది మరి. బడి ముఖం చూడని పిల్లకు (అక్షరాలు బాపు, లెక్కలు నాయనమ్మ ఇంట్లోనే నేర్పారు) ఆ పని దొరకాలని ఏడాది పాటు శుక్రవారాలు ఒక్కపొద్దులున్నాను. ఒకసారి ఊరికి పోతే నన్ను మళ్లీ సూరత్ తీసుకురారని నా భయం. అమ్మ ఏ పార్టీలోనూ చేరలేదు. "ఏడున్నా వండేది నేనే గదా," అని బియ్యం కడుక్కుంటూ ఉండిపోయింది.

మా అరుపులకు నాయనమ్మ విసిగిపోయింది. "జర నోర్లు మూయుండ్రి. ఆడి తేల్చుకోండ్రి. నువ్వు గెలిస్తె రైలెక్కుదం, పోరి గెలిస్తె ఈడనే ఉందం," అని బాపుకు తీర్పు చెప్పి, సుద్దముక్కతో గచ్చు మీద అష్టాచమ్మా గీసింది. టైం లేదని చెరి రెండు కాయలే పెట్టింది. గవ్వలకు ఎక్కడికి పోతాం? లక్ష్మీదేవి పటం ముందున్న నాలుగు గవ్వలనే తెచ్చి నా చేతిలో పోసింది. అమ్మవారి గవ్వలను గచ్చు మీద విసరడమా! ప్రతిసారీ వాటిని కళ్లకద్దుకుని, మనసులో దండకం చదివి, అప్పుడు వేశాను. "ఇది ఆటనా, పూజనా? నువ్వేసేవరకు రైలు ఊరికి పోయి మర్లొస్తది," అన్నాడు బాపు.

అష్టాచమ్మాలో ఎదుటివాళ్ల కాయను ఒక్కదాన్నైనా కొట్టనిదే మన కాయ లోపలి గడుల్లోకి పోదు. నేను బాపు కాయను "తప్పు బాపూ" అని చెంపలేసుకుని మరీ కొట్టాను. నా కాయ ఒకటి పండింది. రెండోది లోపలికి తిరిగే మలుపులో ఉంది. బాపు ఇంకా ఎవరినీ కొట్టలేదు. అందుకని ఆయన కాయ ఒకటి లోపలి వాకిట్లో ఎదురుచూస్తూ నిలబడింది, ఇంకొకటి నా కాయకు సరిగ్గా మూడు గడుల వెనుకకు వచ్చింది. గవ్వలు వేశాడు. మూడు పడ్డాయి.

"కొట్టురా!" అంది నాయనమ్మ. నేను కళ్లు మూసుకుని తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను. కళ్లు తెరిస్తే నా కాయ అక్కడే ఉంది. బాపు వాకిట్లో ఉన్న కాయను మూడు గడులు జరిపి, మళ్లీ బయటి చుట్టుకు పంపేశాడు.

"కండ్లు కనవడ్తలేవారా? దాని కాయ గంత పెద్దగ కూసుంటె!"

"ఏమో అవ్వా, సూడలే," అంటూ గవ్వలు నా వైపు తోశాడు.

ఆ తర్వాత రెండు పందేలలో నేను గెలిచాను. మూట విప్పుతున్న బాపును వదిలేసి, "అమ్మవారు మా బాపు కండ్లకు తెర కట్టింది," అని ప్రతి గుమ్మం ముందూ నిలబడి చెప్పి వచ్చాను. (నా ఒక్కపొద్దుల సంగతి కూడా కలిపే చెప్పాను.) బాపు విని, "ఔ బిడ్డా, గదే అయ్యుంటది," అన్నాడు.

కొన్ని నెలలకు మగ్గాలు తిరిగాయి, నా పని నాకు దొరికింది. ఒకనాడు బాపుకు అన్నం డబ్బా ఇవ్వడానికి కార్ఖానాకు వెళ్లాను. ఆయన ఈ చివర ఎవరితోనో మాట్లాడుతున్నవాడల్లా ఉన్నట్టుండి ఆ చివరి మగ్గం దగ్గరికి ఉరికి దాన్ని ఆపేశాడు. వేల పోగుల్లో ఒక్కటి తెగిందట. నేను ముక్కు ఆనించి చూసినా కనిపించలేదు. "గిదేంది, గింత సాఫ్‌గ కనవడ్తుంటె!" అని నవ్వాడు. డబ్బా ఆయనకు ఇస్తుంటే, ఆ రోజు గచ్చు మీద ఆయన 'సూడని' నా కాయ గుర్తొచ్చింది.

అమ్మవారి మీద నా నమ్మకం ఏమీ తగ్గలేదు. ఇప్పటికీ ఆమెకు రోజూ దండం పెడతాను, ఆ పిల్ల గొప్పలు గుర్తొచ్చి మధ్యలో నవ్వొస్తే ఆపుకుని మళ్లీ మొదలుపెడతాను. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరైనా పిల్లల దగ్గర కావాలని ఓడిపోయి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటే, మా బాపును ఒక్కసారి తలచుకోండి.